బెదిరిన వేలు

సోమేశం మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నారు. అవతలిది పోలీసు గొంతు.

"మీ మనవరాలు మా దగ్గరుంది. మేం పంపిన యాప్ వేసుకోండి, అందులోంచే ఆమెతో మాట్లాడిస్తాం. ఈలోపు ఎవరికైనా చెప్పారో, ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు."

ఇదంతా ఉత్తుత్తిదని మాస్టారికి తెలుసు. పక్క గదిలో కూర్చుని ఆ గొంతు పెడుతున్నది ఈ ప్రయోగశాల ఉద్యోగే. ఇందాక ఇద్దరూ కలిసి టీ కూడా తాగారు. అయినా మనవరాలి ఊసు ఆ గొంతులో వినబడేసరికి ఆయన ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. గబగబా తెర మీద బొటనవేలు పెట్టారు.

ఫోను ఒక్క క్షణం ఆగింది. తరవాత ఆడగొంతుతో నెమ్మదిగా చెప్పింది. "మీ చేతిలో భయం ఉంది. ఈ యాప్ ఇప్పుడు వెయ్యడం కుదరదు. స్థిమితపడి మళ్ళీ రండి."

గాజు తలుపు ఇవతల నిలబడ్డ కనక ఊపిరి వదిలింది. ఆ ఫోనులో ఉన్న కావలి పేరు 'అభయం'. దాన్ని కట్టిన చేతులు చాలానే ఉన్నా, ఆలోచన మాత్రం కనకదే. మనిషి వేలు తెరకి తగలగానే అభయం ఆ వేలి నాడిని, కంటికి ఆనని వణుకుని చదువుతుంది. ఆ మనిషి మామూలు రోజుల్లో వేలు ఎలా పెడతాడో దానికి ముందే తెలుసు. తేడా కనబడితే, బయటినుంచి వచ్చిన ఏ యాప్‌నీ లోపలికి రానివ్వదు. దొంగ యాప్ ఎన్ని వేషాలైనా వెయ్యగలదు గాని, దాన్ని వేయించుకునే మనిషిలోని బెదురుని మాత్రం దాచలేదు. దొంగని పట్టుకోవడం మానేసి బెదురుని పట్టుకుందాం అన్నదే కనక ఆలోచన. రాష్ట్రంలో అమ్మే ప్రతి ఫోనులోనూ ఇప్పుడది ఉంది.

మాస్టారు మంచినీళ్ళు తాగి తేరుకున్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఊరికే వదిలిపెట్టే రకం కాదు.

"బాగానే ఉందమ్మా. కానీ ఫోను నాది, వేలు నాది. నేను నొక్కితే వద్దనడానికి ఇదెవరు?"

"వేలు మీదే మాస్టారూ. నొక్కించినవాడే వేరు."

"అంటే భయపడి చేసింది నా ఇష్టం కాదంటావు."

"కాదండి."

"మరి మా ఆవిడకి ఆయాసం వచ్చిందని భయపడి నేను డాక్టరు దగ్గరికి పరిగెడితే? అప్పుడూ స్థిమితపడి రమ్మంటుందా నీ పిల్ల?"

కనక నవ్వేసింది. నవ్వడానికి తగ్గ మాటే అనుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు.

* * *

కనకది గుల్లవానిపాలెం, భీమిలి దారిలో సముద్రాన్ని ఒరుసుకుని ఉన్న జాలారి ఊరు. విశాఖలో ప్రయోగశాల పక్కనే క్వార్టర్సు ఇచ్చినా, వారం తిరిగేసరికి ఊరికి పోయేది. తల్లి పోలమ్మ అక్కడే, పెద్దకూతురు నూకరత్నం దగ్గర ఉంటోంది.

అభయం పుట్టింది ఈ పోలమ్మ వల్లే. కొన్నేళ్ళ క్రితం పోలమ్మకి అచ్చం ఇలాంటి ఫోనే వచ్చింది. కనకని పోలీసులు పట్టుకున్నారన్నారు. చెప్పిన యాప్ వేసుకుంటే విడిచిపెడతామన్నారు. వేసుకుంది. ఆ యాప్ ఆమె ఫోనునే కాదు, ఆమె గొంతునీ ఎత్తుకుపోయింది. ఆ గొంతుతో పాలెంలో ప్రతి ఆడమనిషికీ ఫోన్లు వెళ్ళాయి. "నాను పోలమ్మని మాటాడతన్నాను, నా కూతురు ఆపదలో ఉన్నాదొలే, నాను పంపింది నొక్కండి." పోలమ్మ అడిగితే ఎవరు కాదంటారు? పాలెమంతా నొక్కింది, పాలెమంతా మునిగింది.

ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమెకి పెద్ద శిక్షయింది. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ కేకేసి చేపలమ్మిన మనిషి, గడప దిగడం మానేసింది. కొన్నాళ్ళకి మతిమరుపు మొదలైంది. సిగ్గుకీ మతిమరుపుకీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పారు. కనక నమ్మలేదు. ఇప్పుడు పోలమ్మకి ఆ ఫోను సంగతీ గుర్తులేదు, ఆ సిగ్గూ గుర్తులేదు, అప్పుడప్పుడు కనక కూడా గుర్తుండదు.

ఆ ఏడు వేట మొదలయ్యే రోజున కనక పాలెంలోనే ఉంది. బోట్లకి పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టారు. పాలెంలో చదువుకున్న కుర్రాళ్ళు తాము చేసిన యాప్ ఒకటి తెచ్చి అందరికీ పంచుతున్నారు. పేరు అలకబురు. టవరు లేకపోయినా ఫోను నుంచి ఫోనుకి గెంతుకుంటూ కబురు మోసుకొస్తుంది. నడిసముద్రంలోని బోటు నుంచి ఇంకో బోటుకి, అక్కడినుంచి ఒడ్డున ఆ యాప్ ఉన్న ఫోను దేనికైనా చేరుతుంది. ఎవరి పేరున వచ్చిన కబురు వాళ్ళ ఫోనులోనే విప్పుకుంటుంది. మోసుకొచ్చిన ఫోనులో అది సీలు వేసిన కవరులా ఉండిపోతుంది. ఆలుమగల మాటలు ఊరంతా వినకూడదని కుర్రాళ్ళు అలా కట్టారు. దాని వెనక కంపెనీ ఏదీ లేదు గనక దుకాణంలో దొరకదు, చేతి నుంచి చేతికి పంచుకోవలసిందే.

మగవాళ్ళందరూ నవ్వుతూ, తుళ్ళుతూ వేళ్ళు పెట్టారు. అభయం ఎవరినీ అడ్డుకోలేదు. ఆడవాళ్ళు మాత్రం ఒక్కరూ వేసుకోలేదు.

"బోట్లు నీళ్ళలోకి దిగతన్న పూట సెడ్డకబురుకి దారి తియ్యకూడదు," అంది పక్కింటి గంగులమ్మ. ఆ పాలెంలో అది పాతకాలం పట్టింపు. మగడు వేటకి పోయేటప్పుడు ఆపద మాట ఎత్తరు, ఆపదకి కావలసిన వస్తువు ఇంట్లో పెట్టరు. కీడెంచి మేలెంచమన్నది మెట్ట ఊళ్ళ సామెత. కీడెంచితే గంగమ్మ వింటుందని వీళ్ళ భయం.

"బంగారయ్య ఏసుకున్నాడు కదే," అని కనక నవ్వింది.

"ఆడేసుకోనీ. నా పేరొక్కటే ఎట్టుకున్నాడంట అందులో. నానేసుకుంటే ఎలగైనా కబురు పంపుతాడు. ఎందుకొచ్చిన గొడవ, మనిషే వచ్చి సెప్పాల గాని," అని గంగులమ్మ మొగుడి వైపు చూసి మూతి విరిచింది. బంగారయ్య సిగ్గుపడి తాడు చుట్టుకున్నాడు.

కనక కూడా మరి పట్టుబట్టలేదు. ముక్కూ మొహం తెలియని యాప్, మైకులోంచి వింటానంటోంది, మనిషి ఎక్కడున్నాడో చూస్తానంటోంది. దొంగ యాప్‌లు అడిగేవీ అవే. అప్ప నూకరత్నం ఫోనులో అది లేకపోతేనే నయం అనిపించింది ఆమెకి.

* * *

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుఫాను ఒరిస్సా వైపు పోతుందన్నారు. పోతూ పోతూ వెనక్కి మళ్ళింది. కబురందిన బోట్లు తిరిగొచ్చాయి. రెండు రాలేదు. ఒకటి నూకరత్నం మొగుడు ఎర్రయ్యది, రెండోది బంగారయ్యది.

తల్లిని తుఫాను షెల్టరుకి తీసుకుపోదామని వచ్చిన కనక, మిట్టమధ్యాహ్నం పాలెం చేరేసరికి చీకటి పడ్డట్టుంది. ఆడవాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు. తిరిగొచ్చిన మగవాళ్ళ ఫోన్లూ, బోట్లు లాగడానికి నీళ్ళలోకి దిగిన కుర్రాళ్ళ ఫోన్లూ తడిసి, నాని, ఒక్కటీ వెలగడం లేదు. ఒడ్డున పొడిగా ఉన్నవి ఆడవాళ్ళ ఫోన్లే. కుర్రాళ్ళు ఒక ల్యాప్‌టాప్‌ని గోనెపట్టా కింద దాచుకుని, అందులోంచి అలకబురుని ఒక్కో ఫోనుకీ పంపుతున్నారు. ఇప్పుడు అందరికీ కావాలి. కీడు గుమ్మంలోకి వచ్చాక పట్టింపేముంది?

ఒక్కో ఫోనూ అదే మాట, అదే నెమ్మదైన గొంతుతో చెబుతోంది. "మీ చేతిలో భయం ఉంది. ఈ యాప్ ఇప్పుడు వెయ్యడం కుదరదు. స్థిమితపడి మళ్ళీ రండి."

నూకరత్నం పరిగెత్తుకొచ్చి చెల్లెలి జబ్బ పట్టుకుంది.

"ఒలే కనకా, నువ్వు సేసిందేనట కదే ఇది! తియ్యమను. బేగి తియ్యమనే."

"అప్పా, ఊపిరి గట్టిగా పీల్చుకో. ఒక్కసారి కళ్ళు మూసుకుని..."

"సముద్రంలో మొగుడున్నాడే నాకు! ఏ కళ్ళు మూసుకోమంతావు?"

ఆడవాళ్ళు నొక్కడం ఆపలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కుతున్న కొద్దీ, వెనకనుంచి ఎవడో బెదిరిస్తున్నాడనుకుని అభయం గడువు పెంచుకుంటూ పోతోంది. అలా పెంచమని రాసింది కూడా కనకే. ఇంకొకరి చేత నొక్కిద్దామంటే సొంతదారు వేలు తప్ప వేరే వేలు ఒప్పుకోదు. కనక తన ఫోను మీద తనే నొక్కి చూసింది, అదీ అదే మాట చెప్పింది.

టవరు ఇంకా కొనప్రాణంతో ఉంది. ప్రయోగశాల పెద్ద విమలాదేవి గారికి ఫోను చేసింది. అభయాన్ని ఒక్క మనిషికి ఎత్తెయ్యడం ఎవరి తరమూ కాదు. అలాంటి తాళంచెవి ఒకటి ఉంటే దొంగలు దానికోసమే వస్తారని కనకే దాన్ని చెయ్యనివ్వలేదు. జిల్లా మొత్తానికి ఎత్తెయ్యడం మాత్రం విమలాదేవి చేతిలో ఉంది.

"మేడమ్, జిల్లాకి ఎత్తెయ్యండి. గంట చాలు."

"కనకా, 'తుఫాను సాయం' అని ఒక దొంగ యాప్ పొద్దున్నించీ తిరుగుతోంది. జిల్లాలో సగం మంది దాన్ని వేసుకోబోయారు. అభయమే ఆపింది. అది లోపలికి వస్తే ఏం చేస్తుందో నాకన్నా నీకే బాగా తెలుసు. మీ అమ్మకి జరిగిందే, ఈసారి లక్ష మంది అమ్మలకి జరుగుతుంది. తలుపు తీస్తే మీ కబురొక్కటే రాదు, వాడూ వస్తాడు. చెప్పు, తియ్యమంటావా?"

కనక నోరు తెరిచింది. తియ్యమని చెప్పలేకపోయింది. తీయవద్దనీ చెప్పలేకపోయింది. ఆమె అలా నిలబడి ఉండగానే టవరు పోయింది.

అప్పుడామెకి తల్లి గుర్తొచ్చింది.

పోలమ్మ ఇంట్లో మంచం మీద కూర్చుని గాలి హోరు వింటోంది. రేకులు లేచిపోతున్నా ఆమె ముఖంలో బెరుకు లేదు. కనక ఆమె ఫోను తీసి, కుర్రాళ్ళ చేత అలకబురు పంపించుకుని, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, ఇక్కడ యేలెట్టు."

పోలమ్మ ఫోను వంకా, కూతురి వంకా చూసింది. కూతురిని పోల్చుకోలేదు గాని, వేలు పెట్టమని అడిగే మనుషులు ఆమెకి అలవాటే.

"బియ్యానికా?" అంది.

"ఆ. బియ్యానికే."

"ఇయ్యేల బేగి ఇచ్చీస్తన్నారే," అని సంతోషపడి, రేషను మిషను మీద పెట్టినట్టే బొటనవేలు గట్టిగా ఒత్తింది. వేలు రాయిలా నిలబడింది. అభయం కిక్కురుమనకుండా దారి ఇచ్చింది.

ఆ క్షణంలో కనకకి పట్టరాని సంతోషం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి తాము ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అణువణువూ తెలుసు. వాళ్ళని నమ్మని అభయం, ఏమీ తెలియని తన తల్లిని నమ్మింది.

ఆ ఫోనుని గుండెలకి అదుముకుని ఒడ్డుకి పరిగెత్తింది. నూకరత్నం దాన్ని లాక్కుని, రాళ్ళగట్టు మీదకెక్కి చెయ్యెత్తి నిలబడింది. కాసేపటికి అది గుర్రుమంది. ఎర్రయ్య తన ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ కబురు పంపాడు. అందులో అత్తగారి పేరు కూడా ఉంది. ఇంజను నిండా నీళ్ళు, బావికొండ ఎదురుగా కొట్టుకుపోతున్నాం, నలుగురం బతికే ఉన్నాం. ఆ మాటల్ని పట్టుకుని కుర్రాళ్ళు రక్షణ పడవల వాళ్ళ దగ్గరికి ఉరికారు.

ఫోను మళ్ళీ గుర్రుమంది. తెర మీద ఒక కవరు బొమ్మ, కింద ఒక పేరు కనబడ్డాయి. 'గంగులమ్మకి'.

ఆ కవరు పోలమ్మ ఫోనులో విప్పుకోదు.

గంగులమ్మ తన ఫోనుని కవరున్న ఫోను పక్కనే పెట్టుకుని ఇసకలో కూలబడింది. రెండు ఫోన్లకీ మధ్య జానెడు దూరం లేదు. నొక్కింది. కుదరదంది. చీరకొంగుతో వేలు తుడుచుకుని నొక్కింది. కుదరదంది. గంగమ్మకి మొక్కుకుని నొక్కింది. గడువు పెరిగిపోయి, చివరికి ఫోను రేపు రమ్మంది.

"కనకమ్మా, నాను బయపడటం నేదు," అంది గంగులమ్మ పళ్ళు నూరుకుంటూ. "సూడు, నాను బయపడటం నేదు. దానికి సెప్పమ్మా."

ఎర్రయ్య బోటు దొరికింది. బంగారయ్య కోసం కూడా రక్షణ పడవలు తిరిగాయి. గాలి తీరుని బట్టి ఉత్తరానికి కొట్టుకుపోయి ఉంటాడని లెక్కేసి అటు వెతికాయి. తుఫాను వెలిసిన మూడోనాడు ఖాళీ బోటు దక్షిణాన ఒడ్డుకొచ్చింది.

* * *

బావని చూసుకుని అప్ప ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, పక్కింట్లో దీపం లేదు. కనక ఆ ఇంటి గుమ్మం తొక్కడానికి చాలాసేపు తటపటాయించింది. గంగులమ్మ తిడుతుందని భయపడింది. తిట్టి ఉంటే బాగుండేది.

గంగులమ్మ తన బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరిదో వస్తువుని చూసినట్టు చూస్తోంది.

"నా యేలు ఏటి తప్పు సేసినాదమ్మా?" అని అడిగింది.

కవరు ఇంకా పోలమ్మ ఫోనులోనే ఉంది. అలకబురు కట్టిన కుర్రాళ్ళే దాన్ని విప్పలేరు. గంగులమ్మ రోజూ వచ్చి తన ఫోను నొక్కి చూసుకునేది. ఆ ఫోను ముట్టుకోగానే చెయ్యి వణికేది, అభయం కుదరదనేది. కాలం గడిస్తే తగ్గుతుందనుకున్నారు. అలాంటిది తగ్గుతుందా?

కనక ప్రయోగశాలకి తిరిగొచ్చి తన సొంత పనినే తప్పుపడుతూ నిలబడింది. భయం కనబడితే తలుపు మూసెయ్యకూడదు. కనబడిందని పైకి చెప్పాలి. లోపలికి వచ్చే యాప్ ఏం చూస్తుందో, ఏం వింటుందో పామరుడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఎవరైనా తొందరపెడుతున్నారా అని అడగాలి. నమ్మకమైన మనిషి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోమనాలి. ఆ పైన ఆ మనిషి మళ్ళీ నొక్కితే దారి ఇవ్వాలి. ఇదీ ఆమె వాదన.

విమలాదేవి ఓపికగా విన్నారు. ఆవిడ కఠినురాలు కాదు. తుఫాను నాడు జవాబు రాకుండానే తెగిపోయిన ఆ ఫోను ఆవిడనీ నిద్రపోనివ్వడం లేదు.

"కనకా, దీన్ని వదులు చేస్తే మోసపోయేవాళ్ళ ముఖాలు నీకు కనబడవు. గంగులమ్మ ముఖం కనబడుతోంది. తేడా అంతే."

"ఒకప్పుడు మా అమ్మ ముఖం చూసే దీన్ని కట్టాను మేడమ్. అప్పుడు గంగులమ్మ ముఖం కనబడలేదు."

సరే, ముందు మన పరీక్షలకి వచ్చేవాళ్ళ ఫోన్లలో వేసి చూద్దామన్నారు విమలాదేవి. వేశారు. నెల తిరక్కుండానే దెబ్బ తగిలింది. తగిలింది మరెవరికో కాదు, సోమేశం మాస్టారికి. ఈసారి నిజం దొంగే, ఈసారీ మనవరాలి పేరే. కొత్త అభయం భయం ఉందని చెప్పింది, ఎవరినైనా పిలవమంది, ఆయన వినిపించుకోకుండా రెండోసారి నొక్కేశారు. దొంగలు ఆయన ఫోనులో దూరి, ఆయన గొంతుతో పాత విద్యార్థులు నలభై మంది దగ్గరా డబ్బుకి చేతులు చాచారు.

కనక తలెత్తలేకపోయింది. ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టకూడదని అంత గట్టిగా వాదించింది. ఇప్పుడు ఎలుకలు వచ్చి మంచి మనిషినే కొరికాయి. విమలాదేవి కొత్తదాన్ని వెనక్కి తీసుకునే కాగితం సంతకానికి సిద్ధం చేశారు.

ఆ కాగితం విమలాదేవి బల్ల మీద ఉండగా మాస్టారు కర్ర పట్టుకుని వచ్చారు. నాలుగు రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టున్నారు.

"క్షమించండి మాస్టారూ," అంది కనక. "పాతదే ఉంటే మీకిలా జరిగేది కాదు."

"జరిగేది కాదు," అన్నారాయన. "నా శిష్యుల ఎదుట తల దించుకున్నాను. ఆ బాధ నాకు చచ్చేదాకా ఉంటుంది. కానీ అమ్మా, అది నాకు చెప్పింది. నేను వినలేదు. నొక్కింది నేను. నలభై మందికీ ఫోను చేసి ఆ మాటే చెప్పాను." కర్ర మీద రెండు చేతులూ ఆనించారు. "మొదటిది నన్ను కాపాడింది, నిజమే. కాపాడి, నువ్వు లెక్కలోకి రావు పొమ్మంది. ఇది నన్ను మనిషినని ఒప్పుకుంది. తప్పు చెయ్యగలిగిన మనిషిని అని. ఇంకొంచెం గట్టిగా చెప్పమను దాన్ని. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు అడగమను. కానీ చివరికి నన్నే అడగమను."

విమలాదేవి ఆ కాగితాన్ని సొరుగులో పెట్టేశారు గాని, చింపలేదు.

"గుల్లవానిపాలెంలో వేసి చూడు," అన్నారు.

* * *

పాలెంలో ఆవేళ ఎండ కాస్తోంది. వలలు ఆరేసి ఉన్నాయి. గంగులమ్మ ఒడ్డునే కూర్చుంటానంది, ఇంట్లో వద్దంది. నూకరత్నం పోలమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. కనక తల్లి ఫోనుని గంగులమ్మ ఫోను పక్కన పెట్టింది. కవరు అలాగే ఉంది.

గంగులమ్మ వేలు పెట్టింది. చెయ్యంతా వణుకుతోంది.

"మీ చెయ్యి వణుకుతోంది," అంది ఫోను. "ఈ యాప్ మీ మాటలు వినగలదు. మీరెక్కడున్నారో చూడగలదు. దీన్ని చేసినవారెవరో నాకు తెలియదు. మిమ్మల్ని ఎవరైనా తొందరపెడుతున్నారా?"

గంగులమ్మ ఫోనుకేసి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే చూసింది.

"నన్నెవులూ తొందరెట్టనేదు."

"నమ్మకమైన మనిషి ఎవరైనా మీ పక్కన ఉన్నారా?"

గంగులమ్మ తల తిప్పి కనకని చూసింది. ఆ చూపుని కనక ఎప్పటికీ మరిచిపోలేదు. అందులో క్షమ లేదు, కోపం కూడా లేదు.

"ఉన్నాది," అంది గంగులమ్మ.

"ఇది మీకు కావాలనుకుంటే మళ్ళీ వేలు పెట్టండి."

పెట్టింది. వేలు వణుకుతూనే ఉంది. అలకబురు లోపలికి వచ్చింది. పోలమ్మ ఫోనులోని కవరు మాయమై, గంగులమ్మ ఫోను గుర్రుమంది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుంది. పక్కనున్న కనకకి గాలి హోరు వినబడింది. హోరు మధ్యలో బంగారయ్య గొంతు ఉంది.

"గంగులూ, ఇంజను ఆగిపోనాది. నాను దచ్చినంగా వచ్చీసినాను, ఎర్రయ్యోల్లకంటే బాగా దచ్చినంగా. లైటవుసు నాకు ఎడంసేతి పక్కన మిణుకుమంతన్నాది. ఎవులికైనా బేగి సెప్పు. నీకు తప్ప ఇంకెవులికీ పంపనేదు, నాకీ ఫోను అంతగా తెల్దు. నువ్వు బయపడకు."

దక్షిణంగా. వెతికింది ఉత్తరాన. ఆ మాట తుఫాను నాడు వాళ్ళ అరచేతిలోనే ఉంది.

గంగులమ్మ మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. పోలమ్మ ఆమె ఎందుకేడుస్తోందో తెలియక, కొంగుతో ఆమె కళ్ళు తుడుస్తోంది. చివరికి గంగులమ్మ ఫోనుని ఒళ్ళో పెట్టుకుని, వణుకు ఆగని ఆ వేలిని చూసుకుంది.

"బయపడకంతన్నాడు సూడు, ఎర్రోడు," అంది. "బయపడబట్టే కదా అన్నిసార్లు నొక్కినాను."

కనక ఆ చెయ్యి పట్టుకుని ఇసకలో ఆమె పక్కన కూర్చుండిపోయింది.